కొ.కు. వ్యాసాలు మొత్తం కొనాలా, ఏరి కొనాలా?

వడపళని_వాసి: మన చెన్నై పుస్తక బృందం ఈసారి చందా డబ్బుతో కొడవటిగంటి కుటుంబరావు వ్యాస సంపుటాలన్నీ కొందామంటోంది. నవలలు, కథలు ఉన్నాయిగా! సినిమా, సైన్సు, చరిత్ర మీద పత్రికలకి రాసినవి ఇప్పుడెవరు చదువుతారు? మంచివి ఏరిన పుస్తకం ఒకటి చాలు.

సగంకప్పు: నేను చదువుతాను. ఆయన ‘చదువు’ నవలలో సుందరానికి బడిలో నేర్చినదానికీ బతుకులో చూసినదానికీ పొత్తు కుదరదు. సైన్సు వ్యాసాల్లోనూ అదే గొడవ, మనిషి తెలుసుకున్నదాన్ని నమ్మడెందుకని. నా పేచీ వేరు. సినిమా ఒకచోట, సైన్సు ఒకచోట అని విడదీశారు చూడండి, అది తప్పు. ఏడాదివారీగా వేయాల్సింది.

పాతరైలు: నా దగ్గర సినిమా వ్యాసాలు పట్టుకెళ్లినవారు దయచేసి తిరిగివ్వగలరు.

వడపళని_వాసి: ఏడాదివారీగా వేస్తే సినిమా గురించి వెతికేవాడి గతేంటి?

సగంకప్పు: విషయసూచిక అని ఒకటుంటుంది లెండి.

టీనగర్_టిఫిన్: ముందు బీరువాలో చోటుందా?

వడపళని_వాసి: వెటకారం వద్దండి. 1952 నుంచి 1980లో పోయేదాకా ఆయన ఇదే ఊళ్లో చందమామలో పనిచేశారు. జీతానికి రాసిందీ, మనసుపెట్టి రాసిందీ ఒకటేనా?

సగంకప్పు: జీతం తీసుకుంటే మనసు పెట్టరా? చందమామ తెలుగు చదివే మనమంతా అక్షరాలు కూడబలుక్కున్నాం. మీకసలు పత్రికలవాళ్లంటే చులకన.

వడపళని_వాసి: చులకనా? మా నాన్న ఇక్కడే ఒక పత్రికలో పాతికేళ్లు సబ్ ఎడిటరు. ఒక్కదాని కిందా పేరు లేదు. ఆయన పోయాక పాత సంచికలు చూస్తానని వెళితే, తూకానికి అమ్మేశామన్నారు. నవల రాసినాయన చీటీముక్క కూడా సంపుటాలకెక్కుతుంది, రాయనివాడిది బజ్జీల పొట్లాలకి పోతుంది. అదండీ నా మంట.

సగంకప్పు: ముందే చెబితే విషయసూచిక మాట అనేవాణ్ణి కాదు. కానీ ఏరమంటున్నది మీరే కదా? ఏరడం మొదలెడితే ముందు పోయేవి మీ నాన్నగారు రాసినలాంటివే.

టీనగర్_టిఫిన్: …

వడపళని_వాసి: అది నిజమే. అయినా ఏడాదివారీకి నేనొప్పుకోను.

పాతరైలు: నా పుస్తకం?

వడపళని_వాసి: నా దగ్గరే ఉందండి. ఆదివారం తెస్తాను, ఇంకో యాభై పేజీలున్నాయి.