వీరాపురం కొంగల ఊరికి పిట్టల బాట: వేయాలా, వద్దా?

బాటసారి_హిందూపురం: లేపాక్షి బసవన్న దగ్గర ఫొటో దిగి మధ్యాహ్నానికల్లా బెంగళూరు తిరిగిపోయే కార్లు ఎన్నని! దగ్గర్లోనే చిలమత్తూరు మండలం వీరాపురం ఉంది. ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. లేపాక్షి వైపు నుంచి చెరువు గట్ల మీదుగా ఒక నడకదారి వేసి, ఊరి కుర్రాళ్లనే గైడ్లుగా పెట్టి, నాలుగిళ్లలో రాగిముద్ద భోజనం అమ్మితే తప్పేంటి? (బోర్డు మీద మాత్రం సైబీరియా కొంగలని రాయకండి బాబూ. ఇవి మన దేశపువే, మన చెరువుల మధ్యే తిరుగుతాయి.)

గూటిపిట్ట: నేను వద్దంటాను. మార్చి ఎండలో తల్లి కొంగ గూటి అంచున రెక్కలు విప్పి, పిల్లలకు గొడుగు పట్టినట్టు నిలబడుతుంది. దగ్గర్లో డ్రోన్ ఎగిరిందా, లేచిపోతుంది. ఈక మొలవని పిల్ల ఆ ఎండకు ఎంతసేపు ఆగుతుంది? కొల్లేరు ఆటపాకలో అయితే గూడబాతులను పడవలోంచి, దూరం నుంచి చూస్తాం. ఇక్కడ గూళ్లున్నది వాకిట్లో!

చింతతొక్కు: మీరిద్దరూ చెట్టు ఎవరిదని అడగనేలేదు. మా పెదనాయన వాకిట్లో ఒకటుంది. కాయ పండేదీ, ఇవి పొదిగేదీ ఒకటే కాలం. కొమ్మ దులిపితే గుడ్లు పోతాయని రాలిన కాయే ఏరుకుంటాం, అది కూడా సున్నం కొట్టినట్టు రెట్టతో ఉంటాది. చేపల కంపు సరేసరి. మా జేజి మాత్రం "పురిటికొచ్చిన ఆడబిడ్డలురా, ఏమనగాకండి" అంటాది. రేపు బాట వేస్తే రూములున్నోళ్లకు డబ్బు, మాకు రెట్ట!

మండ్య_అల్లుడు: మా అత్తగారి వైపు, కర్ణాటకలో మద్దూరు దగ్గర కొక్కరెబెళ్ళూరులోనూ ఇదే కథ. అక్కడ చింతకాయ దించకుండా వదిలేసిన వాళ్లకు అటవీశాఖ పరిహారం ఇస్తూ వచ్చింది. 2007లో ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వు, అంటే ఊరివాళ్లూ కలిసి కాపాడుకునే రక్షిత చోటు చేశారు. చెట్టు గలాయన గట్టిగా ఉంటేనే గూడు నిలిచేది.

బాటసారి_హిందూపురం: ఒప్పుకున్నా. టికెట్టులో మొదటి వాటా చెట్టుగల ఇంటికే.

గూటిపిట్ట: అయినా గూళ్ల కిందికి దారి వద్దు. మంచె చెరువు గట్టున వేయండి. అసలు చూడాల్సింది మేతే కదా! సగం తెరిచిన ముక్కు నీళ్లలో ముంచి అటూ ఇటూ ఊపుకుంటూ పోతుంది, చేప తగలగానే టక్కున మూస్తుంది. చేప కంటికి కనపడాల్సిన పనే లేదు. చెరువు ఎండిన ఏడు మాత్రం బాట మూసేయాలి.

బాటసారి_హిందూపురం: ఆ ఏడు గైడు పిల్లలేం తింటారు?

చింతతొక్కు: చెరువు ఎండితే కొంగలూ రావు, మీ కార్లూ రావు. ఆ ఏడు చింతకాయ మాదే అన్నా. పూడిక తీసే పని పెట్టిస్తే పిల్లోళ్లు దానికే వస్తారు. ముందు ఆ సంగతి చూడండి, మంచె తర్వాత వేద్దాం.