మ్యూజిక్ + కంప్యూటర్ సైన్స్ (అమెరికా): డబుల్ మేజరా, డబుల్ డిగ్రీయా?

తంబురా: రెండూ చదవాలనుకునే పిల్లలకి "రెండూ చేసెయ్" అని సలహా పడేసేవాళ్లు ఏ రెండో చెప్పరు. బీఏలో రెండు మేజర్లు (ప్రధాన సబ్జెక్టులు) అయితే ఒకటే పట్టా, నాలుగేళ్లు. బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్ (బీఎం), బీఎస్ విడివిడిగా అయితే రెండు పట్టాలు, మామూలుగా ఐదేళ్లు. నా ఓటు మొదటిదానికే. 120 క్రెడిట్ల బీఎంలో దాదాపు 80 సంగీతమే తినేస్తుంది. బీఏలో మ్యూజిక్ మేజర్ 40, 50 దగ్గర ఆగుతుంది కాబట్టి కంప్యూటర్ సైన్స్‌కి (సీఎస్) చోటు మిగులుతుంది.

లెక్కలమాస్టారు: క్రెడిట్లు కూడితే సరిపోదండీ, గంటలు కూడాలి. ఆర్కెస్ట్రా కాగితం మీద 1 క్రెడిట్. రిహార్సల్స్ వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు. అదీ చాలాచోట్ల మధ్యాహ్నాలే. సీఎస్ వాళ్లు ఎలాగో నెట్టుకొస్తారు. ప్రీమెడ్ వాళ్లకి (తర్వాత మెడిసిన్‌లో చేరాలనుకునేవాళ్లకి) మాత్రం మూడు గంటల కెమిస్ట్రీ ల్యాబ్ సరిగ్గా అదే వేళకి పడుతుంది.

అసలు దెబ్బ థియరీ దగ్గర. మ్యూజిక్ థియరీ, ఇయర్ ట్రైనింగ్ (స్వరాలు చెవితో గుర్తుపట్టే శిక్షణ) నాలుగు సెమిస్టర్ల గొలుసు, చాలాచోట్ల ఫాల్‌లోనే (ఆగస్టు, సెప్టెంబర్‌లో మొదలయ్యే సెమిస్టర్) మొదలు. "ముందు జనరల్ కోర్సులు వదిలించుకుందాం" అని మొదటి ఫాల్ వదిలేస్తే ఏడాది పోయినట్టే. సీఎస్‌లోనూ ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, ఆల్గరిథమ్స్ ఒకదాని తర్వాతే ఒకటి. కాబట్టి మొదటి సెమిస్టర్‌లోనే థియరీ 1, క్యాలిక్యులస్, ప్రోగ్రామింగ్, వాయిద్యం లెసన్, ఆర్కెస్ట్రా పెట్టుకుని, జనరల్ కోర్సులు తర్వాతి ఏళ్లలో సర్దుకోవాలి. చేరకముందే ఆ యూనివర్సిటీ గత రెండు సెమిస్టర్ల టైంటేబుల్ దించుకుని థియరీ 3, డేటా స్ట్రక్చర్స్ ఒకే గంటకి పడ్డాయేమో చూడండి.

మూడోకాలం: తంబురా గారూ, బీఏ అంటే చాలాచోట్ల వారానికి అరగంట లెసన్, అదీ ఒక్కోసారి గ్రాడ్ స్టూడెంట్ (పీజీ విద్యార్థి) దగ్గర. బీఎం పిల్లలకి ప్రొఫెసర్ దగ్గర పూర్తి గంట. నాలుగేళ్లలో చేతిలో తేడా స్పష్టంగా వినిపిస్తుంది. ఆర్కెస్ట్రా ఆడిషన్‌లో తెర వెనక వాయించేవాడి పట్టా ఎవరూ అడగరు, నిజమే. కానీ ఆ తెర దాకా తీసుకెళ్లేది ఆ గంటే. కచేరీలే లక్ష్యమైతే కాలేజీ, కన్సర్వేటరీ (సంగీత విద్యాలయం) రెండూ ఉన్న ఓబెర్లిన్ లాంటి చోట ఐదేళ్ల డబుల్ డిగ్రీయే దారి.

తంబురా: ఓబెర్లిన్‌లో కాలేజీకీ కన్సర్వేటరీకీ వేర్వేరుగా సీటు రావాలి, ఒకటి వచ్చి ఇంకోటి రాకపోవచ్చు. ఇక ఐదో ఏడాది డబ్బు! స్కాలర్‌షిప్పులు చాలావరకు ఎనిమిది సెమిస్టర్లకే. తొమ్మిదో సెమిస్టర్ సంగతి ఈమెయిల్‌లో రాయించుకోకుండా సంతకం పెట్టొద్దు.

గమకం: మన పిల్లల సంగతి ఒకటి. పదేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నంత మాత్రాన వెస్టర్న్ ఆడిషన్ గట్టెక్కదు. కూర్చుని, వయొలిన్ తల పాదం మీద ఆనించి, వేలు జార్చి గమకం పలికించే చేతికి గడ్డం కింద పట్టుకుని పొజిషన్లు మార్చడం కొత్త విద్యే. అక్కడ అడిగేది బాఖ్ సోలో, కాన్సర్టోలో ఒక మూవ్‌మెంట్, మూడు ఆక్టేవుల స్కేల్స్. ప్రీస్క్రీన్ వీడియో (ఆడిషన్‌కి పిలిచే ముందు వడపోతకి పంపే రికార్డింగ్) గడువు ఎక్కువచోట్ల డిసెంబర్ 1 ప్రాంతం, అంటే వేసవికే పాఠం చేతికెక్కి ఉండాలి. కర్ణాటక సంగీతమే కావాలంటే వెస్లియన్ యూనివర్సిటీ చూడండి, 1960ల నుంచి నేర్పుతున్నారు. ఉన్నది బీఏ కాబట్టి రెండో మేజర్ సులువుగా కలుస్తుంది.

లెక్కలమాస్టారు: ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఇండియా నుంచి వచ్చేవాళ్లకి: ఓపీటీ (చదువుకి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలు అందరికీ ఉంటుంది, 24 నెలల పొడిగింపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) చదువుకే. వాయిద్యం డిగ్రీ స్టెమ్ కాదు. సీఎస్ రెండో మేజర్ అయితే ఐ-20 (వీసాకి యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద కూడా అది ఎక్కిందో లేదో చూసుకోవాలి. డిపార్ట్‌మెంట్‌లో డిక్లేర్ చేసి, ఇంటర్నేషనల్ ఆఫీసుకి చెప్పడం మర్చిపోతుంటారు.