సీఎం4 కోసం గీసిన క్యారియర్ బోర్డులో సీఎం5 పెట్టాలంటే ఏమేం మార్చాలి?

ప్రశ్న — పీసీబీ_పిచ్చి

మా గేట్‌వే బోర్డు రాస్ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4 (సీఎం4, క్యారియర్ బోర్డుకి బిగించే చిన్న కంప్యూటర్) కోసం గీసింది. సీఎం5 దాని తర్వాతి మోడల్. వంద పిన్నుల హిరోసే డీఎఫ్40 కనెక్టర్లు రెండు, 1.5 మిమీ ఎత్తు. అదే బోర్డులో ఆర్డరును బట్టి సీఎం4 గానీ సీఎం5 గానీ బిగించి ఇవ్వాలి. సీఎం5 బిగిస్తే లినక్స్ లేస్తోంది కానీ నాలుగు తలనొప్పులున్నాయి:

- నాలుగు కోర్లకూ పని పడగానే ఒక్కోసారి రీసెట్ అవుతోంది. 5 వోల్టుల బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే సర్క్యూట్) 3 ఆంపియర్లది, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ కూడా దాని మీదే.
- క్యామ్0 అనే కెమెరా పోర్టుకి కట్టిన 2 లేన్ల (డేటా దారుల) కెమెరా కనబడదు.
- బయటి వాచ్‌డాగ్ ఐసీ (సిస్టం ఇరుక్కుపోతే రీసెట్ చేసే చిప్) అవుట్‌పుట్ 92వ పిన్నుకి ఉంది. అది ట్రిగ్గర్ అయితే బోర్డు రీబూట్ అవ్వకుండా ఆగిపోతోంది.
- పైథాన్ జీపీఐఓ (పిన్నులను నడిపే) ప్రోగ్రాం మొదటి లైన్లోనే ఎర్రర్ ఇస్తోంది.

కొత్త రివిజన్ గీయక తప్పదనుకోండి. ఒకే బోర్డు రెండింటికీ సరిపోతుందా?

జవాబు 1 — సోల్డరు_వాసన

సరిపోతుందండి. కాకపోతే కనెక్టర్ ఒకటే కదా అని పిన్నులూ ఒకటే అనుకోకూడదు, కొన్నింటి పని మారింది.

వాచ్‌డాగ్ సంగతి ముందు. సీఎం4లో 92 అంటే రన్_పీజీ, కిందికి లాగితే ప్రాసెసర్ రీసెట్. సీఎం5లో అదే పిన్ను పవర్ బటన్. మీ వాచ్‌డాగ్ పల్స్ ఇస్తే ఎవరో బటన్ నొక్కారనుకుని బుద్ధిగా షట్‌డౌన్ అవుతోంది. దాని తప్పేం లేదు! రీసెట్‌ని 99కి మార్చండి. సీఎం4లో అది గ్లోబల్_ఈఎన్, సీఎం5లో పీఎంఐసీ_ఈఎన్, కిందికి లాగితే రెండింట్లోనూ పవర్ పోతుంది, వదిలితే మళ్లీ లేస్తుంది. ఓపెన్ డ్రెయిన్ అవుట్‌పుట్ (కిందికి లాగడం, వదలడం మాత్రమే చేసేది) ఉన్న ఐసీయే వాడాలి. టీపీఎస్3823 పుష్-పుల్ (పైకీ నెట్టేది), దాని తమ్ముడు టీపీఎస్3828 ఓపెన్ డ్రెయిన్. ఐసీకి సప్లై మాడ్యూల్ ఇచ్చే 3.3 వోల్టుల నుంచి మాత్రం తీసుకోకండి. 99 లాగగానే ఆ 3.3 కూడా పోతుంది, తను కూర్చున్న కొమ్మ తనే నరుక్కున్నట్టు. ఇంకోటి, ఈ ఐసీల టైమవుట్ 1.6 సెకన్లే. లినక్స్ లేచేవరకూ దాని ఇన్‌పుట్‌ని ట్రై-స్టేట్ బఫర్‌తో తేలనివ్వాలి, అంటే దేనికీ కట్టనట్టు వదిలేయాలి, లేకపోతే బూట్ మధ్యలోనే రీసెట్ల మీద రీసెట్లు.

కెమెరా: సీఎం4లో 2 లేన్ల క్యామ్0 ఉన్న 128–142 మధ్య పిన్నులు, డీఎస్ఐ0 (డిస్‌ప్లే పోర్టు) ఉన్న 157–171 మధ్య పిన్నులు సీఎం5లో యూఎస్‌బీ 3 పోర్టులయ్యాయి. సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దేది కాదు. కెమెరాని 4 లేన్ల క్యామ్1 వైపు మార్చండి, రెండు మాడ్యూళ్లలోనూ పనిచేస్తుంది, 2 లేన్ల కెమెరాకీ అడ్డేం లేదు.

మిగతావి చిన్నవే. 19వ పిన్నుకి ఈథర్‌నెట్ ఎల్ఈడీ కట్టి ఉంటే సీఎం5లో అది ఫ్యాన్ పీడబ్ల్యూఎం (వేగం మార్చే సిగ్నల్) అవుతుంది, 16 ఫ్యాన్ టాకో (వేగం చెప్పే సిగ్నల్). కాంపోజిట్ వీడియో ఉన్న 111 ఇప్పుడు వీబస్_ఈఎన్ (యూఎస్‌బీ పవర్ ఆన్ చేసే సిగ్నల్). పాత 75 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే పీకేయండి. 76 సీఎం4లో రిజర్వ్‌డ్, సీఎం5లో ఆర్‌టీసీ (గడియారం) బ్యాటరీ. అక్కడ 0 ఓమ్ రెసిస్టర్ పెట్టి సీఎం5 బోర్డులకే బిగించండి. సెల్ సీఆర్2032 అయితే ఛార్జింగ్ పారామీటర్ జోలికి పోవద్దు, అది రీఛార్జ్ అయ్యే రకం కాదు.

జవాబు 2 — ఐదు_వోల్టులు

రీసెట్ల గురించి. సీఎం4లో 1.5 గిగాహెర్ట్జ్ కార్టెక్స్-ఏ72 కోర్లు, సీఎం5లో 2.4 గిగాహెర్ట్జ్ ఏ76లు. కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, పైగా అదే లైను మీద ఎన్‌వీఎంఈ. 3 ఆంపియర్లు చాలవు, 5 ఆంపియర్ల బక్ పెట్టండి. మాడ్యూల్ నుంచి వచ్చే 3.3 వోల్టుల లైను 600 మిల్లీఆంపియర్లకే, ఎన్‌వీఎంఈకి వేరే రెగ్యులేటర్ తప్పదు.

మల్టీమీటర్‌తో 5.0 చూపించింది కదా అని నమ్మొద్దు. ఆసిలోస్కోప్ ప్రోబ్‌ని 77, 79, 81, 83, 85, 87 పిన్నుల దగ్గరే పెట్టి, 4.75 కింద ట్రిగ్గర్ పెట్టి చూడండి. దారిలో 20 మిల్లీఓమ్‌లు ఉంటే 5 ఆంపియర్ల దగ్గర 0.1 వోల్టు అక్కడే ఆవిరి. ఆరు పిన్నులకూ కాపర్ పోర్ (వెడల్పాటి రాగి పరుపు) పోయండి, సన్న ట్రాక్ వద్దు.

కెపాసిటర్ల దగ్గర చాలామంది బోల్తా పడతారు. 6.3 వోల్టుల చిన్న సైజు 22 మైక్రోఫారడ్ సెరామిక్‌కి 5 వోల్టులు పెడితే సగానికి సగం పోతుంది. 1206 సైజులో 16 వోల్టులవి వాడండి, పక్కన 100 మైక్రోఫారడ్ పాలిమర్ ఒకటి.

జవాబు 3 — కెర్నెల్_కాపలా

జీపీఐఓ ఎర్రర్ "సాక్ పెరిఫెరల్ బేస్ అడ్రస్ తెలియట్లేదు" అనే కదా? సీఎం5లో జీపీఐఓ ప్రాసెసర్‌లో లేదు, ఆర్‌పీ1 అనే వేరే చిప్‌లో ఉంది. పాత ఆర్‌పీఐ-జీపీఐఓ లైబ్రరీ నేరుగా రిజిస్టర్లలో చెయ్యి పెట్టేది, ఇక్కడ ఆ రిజిస్టర్లే లేవు. కోడ్ ముట్టుకోకుండా కావాలంటే దాని బదులు ఆర్‌పీఐ-ఎల్‌జీపీఐఓ వేయండి. కొత్తగా రాస్తే లిబ్‌జీపీఐఓడీ మేలు. జీపీఐఓ చిప్ నంబరు మాత్రం కోడ్‌లో రాయొద్దు. అది కెర్నెల్‌తో మారింది, ఒకప్పుడు 4, తర్వాత 0. లేబుల్‌తో వెతకండి: సీఎం5లో పిన్‌కంట్రోల్-ఆర్‌పీ1, సీఎం4లో పిన్‌కంట్రోల్-బీసీఎం2711.

ఓఎస్ ఇమేజ్ ఒక్కటి చాలు. కాన్ఫిగ్ ఫైల్‌లో చదరపు బ్రాకెట్లతో సీఎం4, సీఎం5 విభాగాలు పెట్టి ఎవరి ఓవర్‌లేలు (హార్డ్‌వేర్ సెట్టింగులు) వారికి ఇవ్వొచ్చు. పాత బైనరీలు సీఎం5లో మాత్రమే కూలుతుంటే 16 కేబీ పేజీలు (కెర్నెల్ మెమరీని పంచే ముక్కలు) కారణం కావచ్చు. కెర్నెల్8 ఇమేజ్ ఎంచుకుంటే 4 కేబీకి వస్తుంది.

పీసీబీ_పిచ్చి

92వ పిన్ను దెబ్బ అసలు ఊహించలేదు, థాంక్సండి. ఎత్తు 1.5 మిమీ ఉంచి ఆ కెపాసిటర్లు మాడ్యూల్ కిందే పెట్టొచ్చా?

సోల్డరు_వాసన

కుదరదు. 1.5 మిమీ కనెక్టర్‌తో సీఎం4 కింద ఖాళీ సున్నా. మాడ్యూల్ కింద పార్ట్‌లు పెట్టాలంటే 3 మిమీ రకం, డీఎఫ్40హెచ్‌సీ తీసుకోండి, అప్పుడు సీఎం4 కింద 1.5 మిమీ దొరుకుతుంది. ఎం2.5 స్పేసర్లు కూడా 3 మిమీవే ఆర్డర్ పెట్టండి, పాతవి వేస్తే స్క్రూ బిగించగానే మాడ్యూల్ వంగుతుంది.