పూజగది గోడకు ఇటాలియన్ మార్బుల్: ఏ అడెసివ్ వాడాలి?

ప్రశ్న: పూజగది గోడ 60 చదరపు అడుగులు. తెల్ల ఇటాలియన్ మార్బుల్, 18 మి.మీ. మందం, 4×2 అడుగుల పలకలు. వెనక ఫైబర్ జాలి (వల) అంటించి ఉంది. చుట్టూ గ్రీన్ మార్బుల్ బోర్డర్. గోడకు ప్లాస్టరింగ్ అయింది, లప్పం పెట్టలేదు. సిమెంటు పాలు పూసి మాలుతో (సిమెంటు, ఇసుక కలిపినది) పెడితే చాలని మేస్త్రి అంటున్నాడు. సరిపోతుందా?

జవాబు 1: వద్దండీ. ఒక్కో పలక సుమారు 36 కిలోలు ఉంటుంది. జాలిని పట్టి ఉంచేది రెసిన్ అనే జిగురు, దానికి సిమెంటు అంటదు. కొన్నాళ్లకు రాయి జాలితో సహా ఊడొస్తుంది. అలాగని జాలి గీకించకండి, పలక విరగకుండా కాపాడేది అదే. వెనక పలుచగా ఎపాక్సీ (రెండు డబ్బాల్లో వచ్చే, కలిపితే గట్టిపడే జిగురు) పూసి, పచ్చిగా ఉండగానే పొడి క్వార్ట్జ్ ఇసుక ఒత్తుగా చల్లాలి. మర్నాడు అంటని ఇసుక దులిపేస్తే సిమెంటు అడెసివ్‌కు పట్టు దొరుకుతుంది. అడెసివ్ తెల్లదే కొనండి, బూడిద రంగుదైతే తెల్ల రాయిలోంచి మచ్చలా కనబడుతుంది. బస్తా మీద ఐఎస్ 15477 (అడెసివ్‌లకు భారత ప్రమాణం) టైప్ 3, పక్కన టి అక్షరం చూడండి. టి అంటే గోడ మీద జారని రకం.

జవాబు 2: బోర్డర్ సంగతి వేరు. గ్రీన్ మార్బుల్ తడి పీల్చి వంగుతుంది, అంచులు లేస్తాయి. దానికి నీళ్లు కలిపేదేదీ వద్దు, నేరుగా ఎపాక్సీ అడెసివ్‌తోనే అంటించాలి. ఎపాక్సీ రెండు డబ్బాలనూ కంటి అంచనాతో కలపనివ్వకండి. పాళ్లు తప్పితే గట్టిపడదు.

తెల్ల పలకలకు సిమెంటు అడెసివ్ 6 మి.మీ. మందాన సుమారు 50 కిలోలు పడుతుంది, 20 కిలోల బస్తాలు మూడు తెప్పించండి. నీళ్లు బస్తా మీద రాసినంతే. కలిపి ఐదు నిమిషాలు ఆగి మళ్లీ కలపాలి. గోడకు పళ్ల తాపీతో గీతలు, రాయి వెనక పలుచటి పూత, రెండూ ఉండాలి. నాలుగు మూలలా ముద్దలు పెట్టి నొక్కితే మధ్యలో డొల్ల మిగులుతుంది. మొదటి పలకను వెంటనే ఊడదీసి చూడండి. వెనకంతా అంటి ఉంటేనే మిగతావి పెట్టనివ్వండి. కింది వరసకు చెక్క ఆధారం ఉండాలి. ఆరడుగుల ఎత్తు దాటిన వరసలకు స్టీలు క్లాంపులు కూడా వేయించండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. వరండాలో తాండూరు రాయికీ ఇదే అడెసివా?

జవాబు 1: అక్కర్లేదండీ. తాండూరు మందం రాయికీ రాయికీ మారుతుంది, ఆ తేడాను పలుచటి అడెసివ్ సర్దలేదు. నేల మీద దానికి మీ మేస్త్రి చెప్పిన మాలే సరైనది.