పురుగులు లేవు, అయినా ఎలుకలు రక్తం వచ్చేలా గోక్కుంటున్నాయి. జీన్ వల్లేనా?

హిందూపురం కుర్రోడు: బెంగళూరులో ఒక ల్యాబ్‌లో ఎలుకల గది చూసుకుంటాను. కొత్త నాకౌట్ లైన్‌లో (ఒక జీన్ తీసేసి పెంచిన ఎలుకలు) కొన్ని మెడ వెనక, చెవుల దగ్గర పుండ్లు పడేలా గోక్కుంటున్నాయి. వెటర్నరీ డాక్టర్ బొచ్చుకు టేప్ అంటించి చూసి పురుగులు లేవన్నారు. కేజ్‌లో పొట్టు మార్చినా అంతే. "జీన్ తీసేశాం కదా, అదే అయ్యుంటుంది" అని మా సార్ తేల్చేశారు. జీన్ పోతే దురదెందుకు?

మల్లేశ్వరం రాధ: ముందు పుండు వచ్చి గోకుతున్నాయా, గోకి గోకి పుండు పడిందా? అసలు సంగతి అక్కడుంది బాబూ.

ఇచ్ (ఇంగ్లిష్‌లో దురద) అనే పేరుతోనే ఒక జన్యువుంది. రేడియేషన్ వల్ల ఒక రకం ఎలుకల్లో రెండో క్రోమోజోమ్ ముక్క తిరగబడి అతుక్కుంది. ఒక కొసన బొచ్చు రంగు జన్యువు, రెండో కొసన ఇచ్ చెడ్డాయి. అందుకే వాటికి ముదురు బొచ్చు, ఆగని గోకుడు. ఈ జన్యువును గుర్తించింది 1998లో. దాని ప్రోటీన్ కొన్ని ఇతర ప్రోటీన్లకు యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించి వాటిని నాశనానికి పంపిస్తుంది. అది లేకపోతే జన్‌బి అనే ప్రోటీన్ పేరుకుపోయి, రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు అలర్జీ వైపు మొగ్గుతాయి. ఊపిరితిత్తులూ వాస్తాయి. మీ ఎలుకలు చిక్కిపోతున్నాయేమో తూకం వేసి చూడు.

బిహెచ్‌ఎల్‌హెచ్‌బి5 అనే ఇంకో జన్యువు తీసేసిన ఎలుకల సంగతి వేరే. చర్మంలో తప్పేం లేదు. వెన్నుపాములో దురద సంకేతానికి బ్రేకు వేసే నాడీకణాలే ఉండవు. 2010లో దాని మీద వచ్చిన పేపర్ చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. అప్పటిదాకా దురదంటే చర్మం జబ్బనే అనుకునేదాన్ని!

యలహంక వెట్: రాధగారు చెప్పింది నిజమే కానీ, సార్ మాట అప్పుడే నమ్మకు. అవి బ్లాక్ 6 (ల్యాబుల్లో బాగా వాడే నల్ల ఎలుకల రకం) ఎలుకలా? ఆ రకానికి ఏ జీన్ తీయకపోయినా వయసు మీద పడితే ఇలాంటి పుండ్లు మామూలే. ఒకే ఈతలో పుట్టి, జీన్ ఉన్నవాటికీ వస్తోందా చూడు. ఈలోగా వెనక కాళ్ల గోళ్లు కత్తిరించండి, చాలావాటికి తగ్గుతుంది.

హిందూపురం కుర్రోడు: బ్లాక్ 6నే సార్. జీన్ ఉన్నవాటిలో ఒక్కదానికీ లేదు. వీడియో తీస్తే ఏం చూడాలి?

మల్లేశ్వరం రాధ: ఏ కాలు వాడుతోందో చూడు. బుగ్గ మీద దురదైతే వెనక కాలితో గోకుతుంది, నొప్పైతే ముందు కాలితో తుడుచుకుంటుంది. మెడ వెనకైతే ఈ తేడా దొరకదు. పుండు ఇంకా పడని ఎలుక పిల్లల్ని వీడియో తియ్యి, రాత్రి ఎర్ర లైటులో.