అచ్చులో లేని పుస్తకం పీడీఎఫ్ పెడితే తప్పా?

పుస్తకాలపురుగు: 1974 నాటి కథల సంపుటి ఒకటి స్కాన్ చేసి మన టెలిగ్రామ్ గ్రూపులో పెడితే అడ్మిన్ తీసేశారు. అది కోఠీ ఫుట్‌పాత్ మీద కూడా దొరకదు. నేను పైసా తీసుకోలేదు. ఎవరికండీ నష్టం?

బెజవాడవకీలు: రచయిత ఎప్పుడు పోయారు? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, 2022 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. చలం 1979. అంటే 2039 దాటాలి. అచ్చులో ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు.

పుస్తకాలపురుగు: ఆ అరవై మొదట్లో యాభయ్యే. ఠాగూర్ రచనల గడువు అయిపోతోందని 1992లో పెంచారు. సొంత చదువుకి కాపీ చేసుకోవచ్చని సెక్షన్ 52లో లేదా?

బెజవాడవకీలు: మీ ఒక్కరి చదువుకి. గ్రూపు మొత్తానికి కాదు.

గోదారోడు: ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసులో 2016లో హైకోర్టు ఒప్పుకుందిగా?

బెజవాడవకీలు: అది క్లాసు పాఠాల కోసం. దీనికి అతకదు.

కథలపిచ్చి: ఫైల్ ఉన్నవాళ్లు ఇన్‌బాక్స్ చేయగలరు 🙏

తెనాలమ్మాయి: ఆ సంపుటి మా నాన్నగారిది. అమ్మ గాజులు తాకట్టు పెట్టి అచ్చు వేయించారు. ఒక షాపాయన కట్టలు కట్టలు తీసుకెళ్లి రూపాయి ఇవ్వలేదు. ఇప్పుడు మీరు.

పుస్తకాలపురుగు: షాపాయన మీద కోపం నా మీదా? ఇన్నేళ్లూ మీరెందుకు మళ్లీ వేయలేదు? ముట్టుకుంటే పొడి రాలే కాగితం. ఒక్కో పేజీ సాపు చేసి స్కాన్ చేశాను. కాపాడింది నేను.

తెనాలమ్మాయి: అంకితం పేజీ ఏదండీ? అమ్మకి అంకితమిచ్చారు. అది ఎత్తేసి, ప్రతి పేజీ అడుగునా ఎర్ర అక్షరాలతో మీ గ్రూపు పేరు కొట్టారు.

బెజవాడవకీలు: రచయిత పేరు, రచన చెక్కుచెదరకపోవడం గురించి సెక్షన్ 57...

గోదారోడు: సెక్షన్లు కాసేపు ఆపండి సార్.

పుస్తకాలపురుగు: ముద్ర లేకపోతే వేరే గ్రూపువాళ్లు తమ స్కాన్ అని పెట్టుకుంటారు. నా కష్టం పోదూ?

గోదారోడు: అంటే మీ స్కాన్ మీద మీకు హక్కుంది, ఆయన కథల మీద వాళ్లకి లేదు. భలే!

తెనాలమ్మాయి: అడిగితే నేనే ఇచ్చేదాన్ని. పుస్తకంలో అడ్రసుంది. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటున్నాం.

పుస్తకాలపురుగు: అందర్నీ అడుగుతూ కూర్చుంటే ఒక్క పుస్తకమూ బయటికి రాదమ్మా. సగంమంది వారసులు జవాబే ఇవ్వరు. మిగతావాళ్లు ఆస్తి తగాదాల్లో ఉంటారు.

తెనాలమ్మాయి: వాళ్ల సంగతి నాకెందుకు? నన్ను అడిగారా?

పుస్తకాలపురుగు: సరే, ఇప్పుడు అడుగుతున్నా. ఇస్తారా?

తెనాలమ్మాయి: ఆ పేజీ పెట్టి, ముద్ర తీసి, అప్పుడు అడగండి.

పుస్తకాలపురుగు: పేజీ పెడతాను. ముద్ర మాత్రం తీయను.