స్టార్ ట్రెక్‌ను విశాఖ పిల్లలు ఓడ కథగానే చూశారా?

తీరంవాసి అడిగిన ప్రశ్న:

ఎనభైల నడిమి సంవత్సరాలలో దూరదర్శన్ ఆదివారం ఉదయం ‘స్టార్ ట్రెక్’ అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్ ప్రసారం చేసిన రోజులు మీలో ఎవరికైనా గుర్తున్నాయా? మేము అప్పట్లో మహారాణిపేటలో ఒకరింటి వెనుక వాటాలో అద్దెకుండేవాళ్ళం. టీవీ ఇంటివారిది, అదీ నలుపు తెలుపుది. ఇంగ్లీషు సంభాషణలు సగానికి సగం అందేవి కావు గనుక నా చూపంతా వాళ్ళ దుస్తుల మీదే ఉండేది. చొక్కాల రంగును బట్టి విభాగాలు మారతాయని ఆ టీవీలో తెలిసే వీలే లేదు. అయితే మణికట్టు దగ్గరి చారలు మాత్రం స్పష్టంగా కనబడేవి. బీచ్ రోడ్డులో ఎదురయ్యే నేవీ అధికారుల భుజాల మీది చారలు చూసి హోదా పోల్చుకోవడం మా పిల్లలకు ఒక ఆట కావడంతో, కెప్టెన్ కిర్క్ ఎవరో, ఆయన తరువాతివాడు స్పాక్ అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. నాకది ముందు ఓడ కథ, ఆ తరువాతే అంతరిక్ష కథ. మీకూ అలాగే తోచిందా? పదేళ్ళ మా మేనకోడలికి చూపించాలంటే మొత్తం 79 భాగాలలో దేనితో మొదలుపెట్టమంటారు?

డాక్‌యార్డు అబ్బాయి:

మీకు తోచినది సరైనదేనండీ. నౌకాదళ నవలల కథానాయకుడైన హారేషియో హార్న్‌బ్లోయర్‌ను దృష్టిలో పెట్టుకుని కిర్క్ పాత్రను మలిచినట్లు సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీయే చెప్పారు. కెప్టెన్ రోజూ లాగ్ (ఓడ దినచర్య) నమోదు చేయడం, ఓడలో పిలుపులకు ముందు ఈల మోగడం, ఇవన్నీ నౌకల అలవాట్లే.

1966లో వచ్చిన ‘బ్యాలెన్స్ ఆఫ్ టెరర్’ భాగం చూస్తున్నప్పుడు డాక్‌యార్డులో పనిచేసే మా నాన్నగారు, “ఇది సబ్‌మెరైన్ వేటరా” అని తేల్చేశారు. శత్రువు ఓడ కంటికి కనబడదు. రెండు నౌకలూ యంత్రాలు ఆపి, ఎవరు ముందు కదులుతారా అని కాచుకుంటాయి. లోపలివాళ్ళు గుసగుసగా మాట్లాడుకుంటారు. నీటిలో అయితే చిన్న చప్పుడైనా శబ్దాన్ని బట్టి ఓడలను పసిగట్టే సోనార్‌కు దొరికిపోతుంది గనుక ఆ జాగ్రత్తకు అర్థముంది. శూన్యంలో శబ్దం ప్రయాణించనే ప్రయాణించదు, అయినా వాళ్ళు గొంతు తగ్గించే మాట్లాడతారు! ఆ తప్పు నాకు ఇప్పటికీ ముద్దుగానే ఉంటుంది. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌ను మ్యూజియం చేశాక లోపలికి వెళ్ళి, ఒక గదిలోంచి మరో గదిలోకి గుండ్రటి ద్వారం గుండా వంగి దూరుతున్నప్పుడు నాకు గుర్తొచ్చినది ఆ భాగమే.

ఉక్కునగరం:

నేను కొంత విభేదిస్తాను. మా తరం ఈ లోకంలో అడుగుపెట్టినది తొంభైలలో, కేబుల్‌లో స్టార్ ప్లస్ వేసిన తరువాతి స్టార్ ట్రెక్ సీరియల్ ‘ది నెక్స్ట్ జనరేషన్’ ద్వారా. అందులోని అంతరిక్ష నౌక ఎంటర్‌ప్రైజ్‌లో ఉద్యోగులు భార్యాపిల్లలతో కాపురముంటారు, పిల్లలకు చదువు చెప్పే ఏర్పాటు ఉంటుంది, కెప్టెన్ పికార్డ్ ఏ నిర్ణయమైనా బల్ల చుట్టూ అందరినీ కూర్చోబెట్టి అడిగాకే తీసుకుంటారు. క్వార్టర్లూ బడీ ఆసుపత్రీ ఒకేచోట ఉన్న స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్‌లో పెరిగిన నాకు అది యుద్ధనౌకలా కాక మా కాలనీలాగే అనిపించేది. కనుక చారల సంగతి పాత సీరియల్‌కు వర్తించినంతగా దీనికి వర్తించదు.

మీ మేనకోడలికి మాత్రం పాతదే చూపించండి. 1967 నాటి ‘ది డెవిల్ ఇన్ ద డార్క్’తో మొదలుపెట్టవచ్చు. గనిలో కార్మికులను చంపుతున్న రాతి జీవి నిజానికి తన గుడ్లను కాపాడుకుంటున్న తల్లి అని స్పాక్ దాని మనసులోకి చొరబడి తెలుసుకుంటాడు. ఆ జీవి వేషం చూస్తే పెద్దవాళ్ళకు నవ్వు రావచ్చు. పదేళ్ళ పిల్లలు దాన్ని పట్టించుకోరు. నవ్వించే కథే కావాలంటే ‘ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్’ ఉంది.

తీరంవాసి:

ఇద్దరికీ ధన్యవాదాలు. టౌన్‌షిప్ సంగతి నాకు తట్టనే లేదు, ఒప్పుకోవలసిందే. గని కథతోనే మొదలుపెడతాను. ‘బ్యాలెన్స్ ఆఫ్ టెరర్’ మొదట్లోనే పెళ్ళి జరుగుతూ ఆగిపోతుంది, చివరికి ఆ పెళ్ళికొడుకే చనిపోతాడు. అందువల్ల దానిని ఇంకో రెండేళ్ళు ఆగి, కురుసుర చూపించిన తరువాతే వేస్తాను.